ఆ కార్డు అందుకున్న సిపాయి ఎవరు?

పాత ఇళ్ళల్లో ఇనుప పెట్టెలు అడుగుదాకా ఖాళీ చేసేది రెండు సందర్భాల్లోనే. ఒకటి, ఇంటికి సున్నం వేయించేటప్పుడు. రెండు, ఇంటి పెద్ద కన్నుమూసి నలభై రోజులు గడిచాక. పైన పెళ్ళినాటి షేర్వానీ, ఆ కింద ఎప్పటివో రసీదులు, కచేరీ ముద్ర పడిన కాగితాలు, బాగా అడుగున అరచేతిలో పట్టే ఇత్తడి డబ్బీ. దాదీ అందులో సూదులు, దారం దాచుకునేది కాబట్టి ఇంట్లో దాని పేరు సూదుల డబ్బీ. తెరిస్తే దారపు ఉండ కింద మడతపెట్టిన చిన్న కార్డు. దాని మీద ఇంగ్లీషు అచ్చు. పటాలంలో పనిచేసిన ముత్తాత ఎవరిదో అని మాత్రం అందరూ అంటారు. ఆ ముత్తాత పేరేమిటి, ఏ పటాలం, ఏ దేశం వెళ్ళాడు, తిరిగొచ్చాడా అని పిల్లలు అడిగితే పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

అలాంటి ఇల్లు పెద్దవూరలో ఒకటి ఉందనుకుందాం. హాలియా నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే బస్సు ఆగే ఊరే. ఈ ఇల్లు ఉదాహరణ కోసం మేము అనుకున్నదే. మిర్యాలగూడలో అనుకున్నా, సూర్యాపేటలో, కోదాడలో అనుకున్నా తేడా లేదు. ఆ డబ్బీ, ఆ కార్డు, వాటిని అందుకున్న దక్కను ముస్లిం సిపాయిలు మాత్రం చరిత్రలో ఉన్న సంగతులే. పేరు లేని కార్డు నుంచి మనిషి పేరుదాకా వెళ్ళే దారి ఉందా అన్నదే ఈ వారం మేము చెప్పదలచుకున్నది.

మూత మీద జపాన్ పేరు

ముందు డబ్బీని చూద్దాం. మూత మధ్యలో ఒక అమ్మాయి తల, పక్క నుంచి చూసినట్టుగా చెక్కి ఉంటుంది. కింద 1914 క్రిస్మస్ అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ అమ్మాయి బ్రిటిష్ చక్రవర్తి అయిదవ జార్జి కూతురు మేరీ. అప్పటికి ఆమె వయసు 17 ఏళ్ళు. 1914 అక్టోబరులో ఆమె పేరు మీద చందాలు వసూలు చేసి, యుద్ధంలో ఉన్న ప్రతి సైనికుడికీ క్రిస్మస్ కానుక పంపాలని తలపెట్టారు. ఆ పండగ నాటికి మూడున్నర లక్షలకు పైగా డబ్బీలు అందాయి. మిగిలినవి పంచడం ఏళ్ళ తరబడి సాగింది. మూత చుట్టూ అంచున బ్రిటన్‌కు మిత్రులైన దేశాల పేర్లుంటాయి. ఫ్రాన్సు, రష్యా, బెల్జియం, సెర్బియా, మాంటినీగ్రో, వాటితోపాటు జపాన్. ఈ జపాన్ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

లోపల ఏముండేదన్నది అందుకున్న మనిషిని బట్టి మారేది. తెల్ల సిపాయికి పొగాకు, సిగరెట్లు. గూర్ఖాలకూ అవే. సిక్కులు పొగాకు ముట్టరు కాబట్టి వారికి పటికబెల్లం, మసాలా దినుసుల రేకు డబ్బా. ముస్లింలతో సహా తక్కిన భారతీయ సైనికులకు సిగరెట్లు, పటికబెల్లం, మసాలా డబ్బా. నీళ్ళు మోసే భిష్తీల వంటి కొలువు మనుషులకు మసాలా డబ్బా ఒక్కటే. యుద్ధరంగంలో తూటా అందరికీ ఒకటే అయినా కానుక మాత్రం ఒకటి కాదు. ఆ వివక్ష ఇవాళ మనకు ఆనవాలుగా పనికొస్తుంది. ఇంట్లో మిగిలింది ఇత్తడి డబ్బీ అయితే అతను తుపాకీ పట్టిన సిపాయో, గుర్రమెక్కిన సవారో అయి ఉండవచ్చు. రేకు మసాలా డబ్బా మాత్రమే వచ్చిందని పెద్దలు చెబుతుంటే ఆయన భిష్తీ అయి ఉండవచ్చు. నీళ్ళ తిత్తి భుజాన వేసుకుని కందకాల మధ్య తిరిగినవాడి ధైర్యం తక్కువదేమీ కాదు.

ఇక కార్డు. అందులో యువరాణి పేరు మీద శుభాకాంక్షలు అచ్చయి ఉంటాయి. క్రిస్మస్ మాట ఉంటే అది మొదటి విడత కార్డు. క్రిస్మస్ ఊసు లేకుండా కొత్త సంవత్సరంలో విజయం కలగాలని మాత్రమే ఉంటే ఆలస్యంగా అందినవారిది. అంటే కార్డు మీది ఒక్క మాట తేడాతో అతను 1914 డిసెంబరులోనే యుద్ధరంగంలో ఉన్నాడా, లేక డబ్బీ తరువాతి విడతల్లో అందిందా అన్నది కొంతవరకు తేలుతుంది.

రాజు, రాణి బొమ్మలున్న మరో కార్డు కూడా ఆ పండగకే సైనికులకు అందింది. దేవుడు నిన్ను కాపాడి క్షేమంగా ఇల్లు చేర్చాలి అన్న అర్థం వచ్చే మాటలు రాజు చేతిరాతను పోలిన అచ్చులో దాని మీద ఉంటాయి. ఈ కార్డు ఇంట్లో ఉందంటే మనిషి కూడా క్షేమంగా ఇల్లు చేరాడనే అనుకుంటాం. అలా అనుకోవడానికి లేదు. కార్డులను ఇంటికి పోస్టు చేసినవారు ఉన్నారు. యువరాణి డబ్బీనైతే చనిపోయిన సైనికుల భార్యలకు, తల్లిదండ్రులకు కూడా ఇవ్వాలని పంపకం చేసిన సంఘం నిర్ణయించింది. అంటే సూదుల డబ్బీ తెచ్చింది ముత్తాత కాకపోవచ్చు. ఆయన లేడన్న కబురు వెంట అది వచ్చి ఉండవచ్చు. తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

మన వైపు నుంచి వెళ్ళిన పటాలాలు

హైదరాబాదు నగరంలో ఫస్ట్ లాన్సర్ అని ఒక బస్తీ ఉంది. ఏసీ గార్డ్స్ అని ఇంకొకటి. ఆటో ఎక్కి ఆ పేర్లు చెప్పేవారిలో ఎందరికి తెలుసో గాని, అవి నిజాం సైన్యపు దళాల పేర్లు. బర్కస్ అన్న పేరు కూడా సైనికుల బారకాసుల నుంచి వచ్చిందే. పటాలాలు పోయి అరవై డెబ్బై ఏళ్ళు దాటినా బస్తీల పేర్లు మిగిలాయి. ఆ బస్తీల నుంచి, జిల్లాల నుంచి వెళ్ళిన మనుషుల పేర్లు మిగలలేదు.

మొదటి ప్రపంచ యుద్ధానికి దక్కను ముస్లింలు రెండు దారుల్లో వెళ్ళారు. ఒకటి, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రిసాలాలు, పటాలాలు. వీటిలో కొన్నింటి మూలం నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్. 1903లో దాన్ని బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. 20వ డెక్కన్ హార్స్ అలా వచ్చినదే. అందులో సిక్కులు, జాట్‌లతోపాటు దక్కనీ ముసల్మానుల దళాలు ఉండేవి. రెండో దారి, నిజాం సొంత సైన్యం నుంచి సామ్రాజ్య సేవకు పంపిన హైదరాబాద్ లాన్సర్స్. వీరి జీతభత్యాలు నిజాం ఖజానావి.

డెక్కన్ హార్స్ సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడులో భాగంగా 1914 అక్టోబరులో ఫ్రాన్సు దేశపు మార్సెయ్ రేవులో దిగింది. డిసెంబరు 20, 21 తేదీల ప్రాంతంలో ఫెస్టుబర్ట్ దగ్గర గుర్రాలు వదిలి, బురద కందకాల్లో కాలినడకన పోరాడింది. మన ఎండలకు అలవాటు పడిన శరీరాలు, మంచు కలిసిన నీళ్ళలో మోకాళ్ళ దాకా. ఆ తరువాత నాలుగు రోజులకే క్రిస్మస్. పటికబెల్లం, మసాలా, యువరాణి కార్డు వచ్చింది అప్పుడు. కార్డు మొదటి విడతదై, అందుకున్నవాడు దక్కనీ ముస్లిం సవారు అయితే అతను ఆ బురదలోంచి వచ్చినవాడై ఉండే అవకాశం చాలా ఎక్కువ. అదే రిసాలా 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దాడి చేసింది. ఆ రోజు తీసిన ఫొటోలు లండన్ యుద్ధ మ్యూజియంలో ఉన్నాయి. తలపాగాలు, గుర్రాలు, బల్లేలు కనబడతాయి. ఎవరు ఎవరన్నది ఫొటో కింద రాసి లేదు.

హైదరాబాద్ లాన్సర్స్ వెళ్ళింది వేరే వైపు. ఈజిప్టులో సూయెజ్ కాలువ కాపలా, ఆ తరువాత పాలస్తీనా. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ దళాలు మూడూ ఉన్నాయి. దాడి చేసినవి మొదటి రెండు. హైదరాబాద్ దళానికి అప్పగించిన పని వేరు. అయినా ఢిల్లీలో 1922లో కట్టిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. విగ్రహానికి పేరు లేదు, ఉండదు కూడా. చౌరస్తాలో నిలబెట్టిన సిపాయి ఎప్పుడూ ఎవరో ఒకడే.

ఇక్కడ ఒక మాట దాటేసి పోలేం. పాలస్తీనాలో ఎదుటి పక్షం తుర్కీ. ఇస్తాంబుల్ సుల్తాను అప్పటికి ఖలీఫా. 1914 నవంబరులో ఆయన జిహాద్ ప్రకటించాడు. అదే నెలలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ముస్లింలు బ్రిటిష్ వారి పక్షానే ఉండాలని ప్రకటన ఇచ్చారు. నల్గొండ జిల్లా నుంచి వెళ్ళిన సిపాయి ఈ రెండు మాటల మధ్య నిలబడ్డాడు. జీతం ఇచ్చేది ఒకరు, శుక్రవారం ఖుత్బాలో వినబడే పేరు ఇంకొకరిది. తిరిగి వచ్చేసరికి దేశమంతా ఖిలాఫత్ ఉద్యమం. తుర్కీ మీద యుద్ధం చేసి వచ్చానని అరుగు మీద కూర్చుని చెప్పుకునే రోజులా అవి? ముత్తాత కథ మనదాకా రాకపోవడానికి మరుపు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆయనే చెప్పకపోయి ఉండవచ్చు.

ఆ పైన 1948. పోలీసు చర్య తరువాత నిజాం సైన్యం రద్దయింది. ఆ రోజుల్లో యూనిఫాం వేసుకున్న ఫొటో గోడ మీద ఉంచుకోవడానికి కూడా జంకిన ఇళ్ళు ఉండే ఉంటాయి. ఇది మా ఊహ. కానీ ఆ కాలం చూసిన పెద్దలున్న ఇళ్ళల్లో అడిగి చూడండి.

మూడు హైదరాబాదులు

వెతకడం మొదలుపెట్టిన వారు అందరికంటే ముందు పడే గుంట ఇది. కాగితం మీద హైదరాబాద్ అని కనబడగానే మనదే అనుకుంటారు. సింధు రాష్ట్రంలో ఒక హైదరాబాద్ ఉంది. అక్కడి సైనికుల రికార్డుల్లోనూ జిల్లా పేరు అదే.

రెండోది ఇంకా చిక్కు. 1922 తరువాత పాత కంటింజెంట్ పటాలాలను కలిపి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్నారు. అందులో దక్కనీ ముస్లింల వాటా తగ్గుతూ, కుమావూ కొండల వారు, జాట్‌లు, అహీర్‌లు ఎక్కువవుతూ వచ్చారు. చివరికి 1945 అక్టోబరులో పేరే కుమావూ రెజిమెంట్ అని మార్చారు. దాని కేంద్రం హిమాలయాల దిగువన రాణీఖేత్‌లో ఉంది. అంటే హైదరాబాద్ రెజిమెంటు మనిషి అని కాగితం చెప్పినా అతను అల్మోరా వాడై ఉండవచ్చు. నిజంగా మన వాడే అయితే కూపీ లాగవలసింది నల్గొండలో కాదు, రాణీఖేత్‌లో.

మూడోది నిజాం సొంత పటాలమైన హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. రెండో ప్రపంచ యుద్ధంలో దాని మొదటి దళం మలయాలో కోటా బహారు విమానాశ్రయం కాపలాకు వెళ్ళింది. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు దిగింది అక్కడే. మూత మీద మిత్రుడుగా చెక్కిన జపాన్ ఇదే. తండ్రికి 1914లో వచ్చిన డబ్బీ మీద స్నేహితుడు, కొడుక్కి 1941లో శత్రువు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మలయాలో మిగిలినవారు బందీలయ్యారు. మీ ఇంట్లో ఉన్నది ఇత్తడి డబ్బీ కార్డు కాక, అచ్చువేసిన రెండు మూడు ముక్తసరి వాక్యాల పోస్టుకార్డు అయితే అది బందీల శిబిరం నుంచి వచ్చిందేమో చూడండి. చిన్న ఫొటో కాగితం మీద ఉత్తరం ఉంటే అది 1941–45 నాటి ఎయిర్‌గ్రాఫ్. ఉత్తరాన్ని ఫిల్ముగా తీసి, విమానంలో పంపి, ఇక్కడ మళ్ళీ ఫొటోగా అచ్చువేసేవారు. దాని మీద పంపినవారి నంబరు, హోదా, పేరు రాయడం తప్పనిసరి కాబట్టి అది దొరికిన ఇల్లు అదృష్టం చేసుకున్నదే.

తండ్రి పేరు

యువరాణి కార్డుకు ఆ అదృష్టం లేదు. అచ్చులో సిపాయి పేరు ఉండదు. కాబట్టి వెనక్కి తిప్పాలి. పెన్సిలు గీతలు, ఉర్దూలో ఒకటి రెండు మాటలు, నంబరు, గుండ్రటి తపాలా ముద్ర, ఏది ఉన్నా వదలకూడదు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో ఉండే నంబరు ఏ కాలంలో ఏ బ్రిగేడు దగ్గర ఉండేదో తపాలా చరిత్ర సేకరించేవారి దగ్గర జాబితాలున్నాయి. సెన్సారు ముద్ర ఉంటే ఉత్తరాన్ని మధ్యలో చదివారన్నమాట. ఫ్రాన్సు నుంచి భారతీయ సైనికులు రాసిన ఉత్తరాలను ఒక కార్యాలయం చదివి, కొన్నింటిని ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో పెట్టేది. ఆ నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ వాటి నుంచి ఏర్చి 1999లో ఒక సంపుటి వేశారు. డెక్కన్ హార్స్ సవారులు రాసినవీ వాటిలో ఉన్నాయి. నిఘా కోసం చదివినవారే, తెలియకుండా మన వారి గొంతులు దాచిపెట్టారు.

తేదీ దగ్గర తొందరపడవద్దు. నిజాం కచేరీ కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1324 అంటే 1914–15. ఆజూర్, దై, బహమన్ అని నెలల పేర్లు కనబడితే కంగారుపడకండి, అవి ఫసలీ నెలలే.

ఇక పేరు దొరికిందనుకుందాం. అసలు కష్టం అప్పుడే మొదలు. షేక్ ఇమామ్, సయ్యద్ మహబూబ్ వంటి పేర్లు దక్కనులో వేలు. పటాలం గుమాస్తా చెవికి విన్నట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. షేక్ అన్న ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు. ఖాజా, ఖ్వాజా, కాజా మూడూ ఒకరే కావచ్చు, ముగ్గురు కావచ్చు. మన వైపు ఇంకో సంగతి ఉంది. సైదులు అన్న పేరు చూసి మనిషి మతం చెప్పలేం. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు హిందువులూ ఆ పేరు పెట్టుకుంటారు. పేరు పట్టుకుని వెళితే మనిషి దొరకడు. పేరుతోపాటు తండ్రి పేరు కావాలి, ఊరి పేరు కావాలి.

సైన్యం రికార్డుల్లో ఈ రెండూ చాలాచోట్ల ఉన్నాయి. ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని. దత్తత తెచ్చుకున్న బిడ్డలను సైతం కన్నతండ్రి పేరుతోనే పిలవాలని సూరా అహ్‌జాబ్ ఆదేశం. వంశం చెరిగిపోకూడదన్న పట్టింపు మనకు కొత్త కాదు. కానీ ఇవాళ మన పిల్లల్లో తాత తండ్రి పేరు తడుముకోకుండా చెప్పేవారెందరు? నాలుగు తరాల పేర్లు నికా సమయంలో కూడా అడిగేవారు లేరు. లండన్‌లో రికార్డు ఉన్నా, దానితో పోల్చి చూసుకోవడానికి ఇంట్లో పేరు లేకపోతే అది ఎవరిదో తేలదు.

రాతి మీద, రాతి కింద

చనిపోయినవారి కోసం మొదట చూడవలసింది కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా. 1917లో ఏర్పడిన సంస్థ ఇది. పేరు, దళం, యుద్ధం ఇచ్చి కంప్యూటరులో డబ్బు ఖర్చు లేకుండా వెతకవచ్చు. స్పెల్లింగు ఒకటే నమ్ముకోకుండా దళం పేరుతో మొత్తం జాబితా తెరిచి, వరుసగా చదవడం మేలు. ఫ్రాన్సులో సమాధి దొరకని భారతీయుల కోసం న్యూవ్ షపెల్‌లో 1927 అక్టోబరులో ఆవిష్కరించిన స్మారకం మీద 4,700కు పైగా పేర్లున్నాయి.

ఈజిప్టు, పాలస్తీనాల్లో చనిపోయినవారి కథ వేరు. సూయెజ్ కాలువ దక్షిణ కొసన తౌఫీక్ రేవులో దాదాపు 4 వేల మంది భారతీయుల స్మారకం ఉండేది. అరబ్బులకు, ఇజ్రాయెల్‌కు మధ్య జరిగిన యుద్ధాల్లో అది దెబ్బతిని, చివరికి కూల్చవలసి వచ్చింది. ఆ పేర్లను 1980లో కైరోలోని హీలియోపోలిస్ శ్మశానంలో కొత్త ఫలకాల మీద చెక్కారు. ఒక యుద్ధంలో చనిపోయినవారి పేర్లను ఇంకో యుద్ధం చెరిపింది. బస్రా స్మారకం దగ్గర అసలు చెక్కనే లేదు. భారతీయ అధికారుల పేర్లు రాసి, మామూలు సిపాయిల సంఖ్య మాత్రం వేశారు. వారి పేర్లు విడిగా పుస్తకాల్లో ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థ వేసిన కమిటీయే తేల్చి చెప్పింది. కనీసం 1,16,000 మంది, బహుశా మూడున్నర లక్షల మంది దాకా, పేరు లేకుండా లేదా ఏ గుర్తూ లేకుండా మిగిలిపోయారని. ఎక్కువ మంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వారు.

పంజాబుకు ఒక మేలు జరిగింది. లాహోరు మ్యూజియంలో దుమ్ము పట్టి ఉన్న రిజిస్టర్లలో ఊరూరా, పేరు పేరునా 3,20,000 మంది పంజాబ్ సైనికుల వివరాలు దొరికాయి. 2021లో వాటిని కంప్యూటరులో పెట్టడం మొదలయింది. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఉన్న మనవడు తన ఊరు వెతుక్కుని తాత పేరు చూసుకుంటున్నాడు. అందులో మన నల్గొండ లేదు. సైన్యంలో పంజాబు వారితో పోలిస్తే మనవారు కొద్దిమందే. కొద్దిమందికి రిజిస్టరు రాయరు. అందుకే మన పని ఇంటి నుంచే మొదలుకావాలి.

కల్దారా, హాలీయా?

తిరిగి వచ్చినవారి పేర్లు సమాధుల జాబితాలో ఉండవు కదా. వారికి ఆధారం పతకం. మొదటి యుద్ధం పతకాల అంచున నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. భారతీయ సైనికుల రెండో యుద్ధం పతకాల మీదా పేరుంటుంది. చాలామందికి ఈ అంచు సంగతి తెలియక, ముందు వెనుక బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తారు. భూతద్దం పెట్టి అంచు చదవండి. వెండిది కాక కంచు పతకమైతే సైసు, భిష్తీ వంటి కొలువు మనిషిదై ఉండవచ్చు. వెండివి ఎన్ని కంసాలి కుంపట్లో కరిగి కాలి పట్టీలయ్యాయో లెక్క లేదు. కరువు ఏడాది ఇంట్లో వెండి కనబడితే దాని అంచున ఏమి రాసి ఉందో ఎవరు చూస్తారు?

పతకమూ లేదు, కాగితమూ లేదు. అప్పుడు దాదీని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పింఛను ఏ రూపాయల్లో వచ్చేదని. నిజాం రాజ్యంలో రెండు రూపాయలు చెలామణిలో ఉండేవి. నిజాం సొంత నాణెం హాలీ సిక్కా. బ్రిటిష్ వారిది కల్దార్. 100 కల్దార్ రూపాయలకు దాదాపు 116 హాలీ. ఈ తేడా తెలియని ఇల్లాలు ఆ రోజుల్లో ఉండేది కాదు. మా చిన్నప్పుడు కూడా కల్దార్ అన్న మాట పెద్దల నోట నిలిచి ఉంది. పింఛను కల్దార్‌లో వచ్చేదంటే బ్రిటిష్ ఇండియా సైన్యం వైపు, డెక్కన్ హార్స్ వైపు వెతకాలి. హాలీలో వచ్చేదంటే నిజాం సైన్యం, లాన్సర్స్ వైపు. అప్పుడు వెళ్ళవలసింది హైదరాబాదులోని తార్నాకకు. అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం ప్రభుత్వ దస్త్రాలు ఉర్దూలో, ఫార్సీలో ఉన్నాయి. పిల్లలకు ఉర్దూ చదవడం రాకపోతే చదవగల పెద్దమనిషిని వెంట తీసుకెళ్ళండి. ఇది రుజువు కాదు, ఆనవాలే. అయినా ఏ దస్త్రం కట్ట విప్పాలో చెప్పే ఆనవాలు చిన్నదేమీ కాదు.

కార్డు సంగతి మరవకండి. దాన్ని ప్లాస్టిక్ పొరలో అతికించవద్దు, టేపు వేయవద్దు, చెరిగిన పెన్సిలు గీతలను పెన్నుతో దిద్దవద్దు. రెండు వైపులా ఫొటో తీసి, కార్డును పొడి కాగితంలో చుట్టి మళ్ళీ డబ్బీలోనే పెట్టండి. సూదులు మాత్రం వేరే డబ్బాలోకి మార్చండి.

మళ్ళీ మన పెద్దవూర ఇంటికి వద్దాం. కార్డు క్రిస్మస్‌ది, అంటే మొదటి విడత. డబ్బీ ఇత్తడిది. దాదీకి కల్దార్ అన్న మాట గుర్తుంది, అదీ తన అత్తగారు అనగా విన్నది. కాబట్టి డెక్కన్ హార్స్. పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుని ఆ రిసాలా జాబితా తెరిచాడు. పింఛను సవారుకే వచ్చి ఉండవచ్చు, లేదా ఆయన పోయాక భార్యకు వచ్చి ఉండవచ్చు, అది ఇంకా తేలలేదు. ఇంట్లో వినబడే పేరుకు దగ్గరగా ఉన్నవి జాబితాలో రెండు. ఇద్దరూ సవారులే, ఇద్దరూ దక్కను వారే. తేడా తండ్రి పేరులో. దాదీ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది. తన మామగారి పేరు చెప్పింది, ఆయన తండ్రి పేరు దగ్గర ఆగిపోయింది. ఆ సంగతి కోదాడలో ఉన్న పెద్ద ఫూఫూకు తెలిసి ఉండవచ్చంది. ఆమెకు తొంభై దాటాయి. చెవులు సరిగా వినబడవు, ఫోనులో కుదరదు. రేపు పొద్దున బస్సుకు పిల్లవాడు బయలుదేరుతున్నాడు. డబ్బీ సంచిలో పెట్టుకున్నాడు.